మంత్రపక్షం, యంత్రపక్షం

యంత్రపక్షం: దేవుడి కథలు చదవొద్దని నేను ఎవరికీ చెప్పడం లేదు. ధార్మిక కల్పనను ఒక ప్రక్రియగా సైన్స్ ఫిక్షన్ పక్కన సమానంగా కూర్చోబెట్టమంటేనే నాకు పేచీ. సైన్స్ ఫిక్షన్ రాసేవాడు ‘ఇలా జరిగితే?’ అని మొదలుపెడతాడు. అక్కణ్ణుంచి కథ ఎటు పోతుందో చదివేవాడికి తెలియదు, చాలాసార్లు రాసేవాడికీ తెలియదు. దేవుడి కథలో ఆఖరి పేజీ ముందే ఖాయమై ఉంటుంది. భక్తుడు కష్టాలు పడాలి, పరీక్షకు నిలవాలి, స్వామి ప్రత్యక్షం కావాలి. ప్రశ్న కన్నా ముందు జవాబు పుట్టిన చోట కల్పనకు పనేముందండీ?

మంత్రపక్షం: ఆఖరు తెలిస్తే కథ చచ్చినట్టేనన్నది డిటెక్టివ్ నవలల న్యాయం. హరికథకు వచ్చి కూర్చున్న జనానికి రావణుడు చస్తాడని తెలియదా? తెలిసే కూర్చున్నారు. మండోదరి ఏమంటుంది, విభీషణుడు ఏ మొహంతో అన్న శవం ముందు నిలబడతాడు అన్నది వాళ్ళకు కావాలి. పోనీ, మీ ఇంట్లో తలుపు ఎప్పుడూ తెరిచే ఉందా? 1926లో హ్యూగో గెర్న్స్‌బ్యాక్ ‘అమేజింగ్ స్టోరీస్’ మొదలుపెట్టాక అమెరికా పత్రికల్లో వచ్చిన ఆ తరహా కథల్లో ఇంజనీరు ఓడినవి ఎన్ని? ‘అస్టౌండింగ్’ సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్‌కు గ్రహాంతరవాసి చేతిలో మనిషి చిన్నబోవడం గిట్టదు. ఆ గొడవ తప్పించుకోవడానికే ఐజాక్ అసిమోవ్ తన ‘ఫౌండేషన్’ కథల్లో పాలపుంత మొత్తం మనుషులతోనే నింపుకున్నాడు. ఆ సంగతి ఆయనే చెప్పుకున్నాడు. స్వామి ప్రత్యక్షం కావడం ఆగిందేమీ లేదు. ఈసారి చేతిలో స్లైడ్ రూల్ పట్టుకుని వచ్చాడు, అంతే.

యంత్రపక్షం: నాసిరకం చూపించి నన్ను ఓడించకండి. ఆ లెక్కన నేను ‘లెఫ్ట్ బిహైండ్’ నవలలు పదహారూ తెచ్చి మీ ముందు కుమ్మరించగలను. నమ్మినవాళ్ళంతా ఒక్క క్షణంలో పరలోకానికి ఎత్తబడతారు, మిగిలినవాళ్ళు భూమ్మీద యాతన పడతారు. 1995 నుంచి కోట్ల ప్రతులు అమ్ముడుపోయిన సరుకది. వాటిని వదిలేసి మేలుతో మేలును పోలుద్దాం.

నా వాదం నియమం గురించి. 1865లో జూల్ వెర్న్ తన మనుషుల్ని ఫిరంగి గుండులో కూర్చోబెట్టి చంద్రుడి వైపు పేల్చాడు. నిజంగా పేలిస్తే ఆ అదురుకు లోపలివాళ్ళు ముద్దయిపోతారు. 1901లో హెచ్.జి. వెల్స్ గురుత్వాకర్షణను అడ్డుకునే పదార్థమొకటి ఊహించి, దానితో తన మనుషుల్ని అక్కడికే పంపాడు. వెర్న్‌కు కోపం వచ్చింది. నేను భౌతికశాస్త్రం వాడుకున్నాను, ఈయన లేని పదార్థాన్ని కల్పిస్తున్నాడని ఆయన ఫిర్యాదు. ఆ తగాదా అంటే నాకు మహా ఇష్టం. ఇద్దరి లెక్కలూ తప్పే, అయినా లెక్క చెప్పి తీరాలన్న పట్టింపు ఇద్దరికీ ఉంది. విమర్శకుడు డార్కో సూవిన్ 1979లో ఈ ప్రక్రియకు గీత గీసి పురాణాన్నీ మాయల కథల్నీ అవతల పెట్టాడు. ఆయన వాదాన్ని నా మాటల్లో చెప్పమంటే ఇది: లోకంలోకి ఒక కొత్త సంగతిని తీసుకురా, ఆపైన దాని ఫలితాలన్నిటికీ పూచీ పడు. అద్భుతానికి ఆ పూచీ లేదు. రచయిత ఇరుక్కున్నప్పుడల్లా దేవుడు దిగుతాడు.

మంత్రపక్షం: హిరణ్యకశిపుణ్ణి మరిచిపోయారు. మనిషి చేతిలో చావకూడదు, మృగం చేతిలో చావకూడదు. పగలు కాదు, రాత్రి కాదు. ఇంట్లో కాదు, బయట కాదు. నేల మీద కాదు, ఆకాశంలో కాదు. బ్రహ్మ వరమిచ్చేశాడు, ఇక వెనక్కి తీసుకోలేడు. విష్ణువంతటివాడు కూడా ఆ వరాన్ని కొట్టెయ్యలేదు, అందులో సందు వెతుక్కున్నాడు. సంధ్యవేళ, గడప మీద, తొడ మీద, గోళ్ళతో, సగం మనిషిగా సగం సింహంగా. ఇంతకన్నా కచ్చితమైన పూచీ మీ అరలో ఏ పుస్తకంలో ఉందో చూపించండి. అసిమోవ్ 1942 నాటి కథలో రోబోలకు మూడు సూత్రాలు పెట్టి, ఆ సూత్రాల్లో చిక్కుముళ్ళు వెతికే కథలు ఏళ్ళ తరబడి రాశాడు. మన పురాణకర్తలు ఆడిన ఆటా అదే. శాపమిచ్చిన మునికి కోపం తగ్గినా శాపం రద్దు కాదు, గడువు మాత్రం పెట్టగలడు. భస్మాసురుడికి వరమిచ్చిన శివుడే తల పట్టుకుని పరుగెత్తాడు. దేవుడు చటుక్కున దిగి కథ తేల్చెయ్యడం నాసిరకం భక్తి సినిమాల అలవాటు. దాన్ని పురాణానికి అంటగట్టకండి.

యంత్రపక్షం: దెబ్బ తగిలింది, ఒప్పుకుంటాను. దేవుడికీ నియమాలుండటం నేననుకున్న దానికన్నా పాత సంగతే. అయినా ఒకటి చూడండి. ఆ సందు ఎప్పుడూ దేవుడి వైపే తెరుచుకుంటుంది. ఏ యుగంలోనూ హిరణ్యకశిపుడికి మంచి లాయరు దొరకలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. పురాణాన్ని మీరింత బాగా యంత్రంలా విప్పి చూపిస్తుంటే, దాన్ని నిజంగానే యంత్రం అనేవాళ్ళు తయారయ్యారు. ‘వైమానిక శాస్త్రం’ సంగతే తీసుకోండి. భరద్వాజుడి పేరు మీద చలామణి అయ్యే ఆ పుస్తకాన్ని 1974లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన పరిశోధకులు పరీక్షించారు. అది ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పుట్టిన రచన అనీ, అందులో వర్ణించినవేవీ ఎగరలేవనీ తేల్చారు. ఇప్పటికీ ఎవరో ఒకరు దాన్ని పట్టుకుని సభ ఎక్కుతూనే ఉన్నారు. ధార్మిక కల్పనను కల్పనగా ఉండనివ్వనిది నేనా, వాళ్ళా?

మంత్రపక్షం: వాళ్ళ మీద మీకన్నా నాకే ఎక్కువ మంట. ‘మాయాబజార్’లో ప్రియదర్శిని పెట్టె చూసి, ‘మనవాళ్ళు లాప్‌టాప్ ఎప్పుడో కనిపెట్టారు’ అంటుంటారు కొందరు. సరదాకే అంటారనుకోండి. కానీ ఆ పెట్టెలో ఎవరికి ప్రియమైనది వాళ్ళకు కనిపిస్తుంది. శశిరేఖ చూస్తే అభిమన్యుడు. కృష్ణుడు చూస్తే శకుని! ఆ ఒక్క ముక్కతో కృష్ణుడు ఎలాంటివాడో, రాబోయే యుద్ధంలో ఆయన వాటా ఏమిటో 1957లో ప్రేక్షకుడికి నవ్వుతూ చెప్పేశారు. దాన్ని వీడియో కాల్ చేశారంటే ఆ నవ్వూ పోతుంది, ఆ భయమూ పోతుంది. తెరిచినవాడి మనసును బయటపెట్టే వస్తువు నా ప్రక్రియలోనే పుడుతుంది.

యంత్రపక్షం: నా ప్రక్రియలో కూడా పుట్టింది. స్టానిస్లావ్ లెమ్ ‘సొలారిస్’, 1961. ఒక గ్రహం నిండా సముద్రం. దాన్ని పరిశీలించడానికి వెళ్ళినవాళ్ళ మనసుల్లో పూడ్చిపెట్టుకున్నదాన్ని అది పైకి తీసి, మనిషిగా చేసి, వాళ్ళ గదుల్లోకి పంపుతుంది. కెల్విన్ దగ్గరికి ఆత్మహత్య చేసుకున్న అతని ప్రియురాలు వస్తుంది. దేవుడి ఊసు లేకుండానే మీ ప్రియదర్శిని ఇక్కడ పనిచేస్తోంది.

మంత్రపక్షం: ఊసు లేకుండానా? ఆ నవల ఆఖర్లో కెల్విన్ దేని గురించి మాట్లాడతాడో మళ్ళీ ఓసారి చూడండి. లోపాలున్న ఒక దేవుడి గురించి. మీవాళ్ళు ఎంత దూరం ఎగిరినా చివరికి మా వీధిలోనే దిగుతారు. మేరీ షెల్లీ 1818లో సృష్టించిన ఆ పేరులేని ప్రాణి చదువుకున్న పుస్తకాల్లో మిల్టన్ ‘పారడైజ్ లాస్ట్’ ఒకటి. అది చదివి తనను ఆదాముతో పోల్చుకుని, పుట్టించినవాణ్ణి నిలదీస్తుంది. మీ ప్రక్రియకు అమ్మమ్మ అని మీరే చెప్పుకునే నవల ఇది.

యంత్రపక్షం: నిలదీయడంతో పుట్టింది, సేవించడంతో కాదు. నా మాటకు మీరే సాక్ష్యం చెబుతున్నారు. ఆర్థర్ సి. క్లార్క్ 1955లో ‘ది స్టార్’ అని చిన్న కథ రాశాడు. పేలిపోయిన ఒక నక్షత్రం దగ్గరికి భూమి నుంచి నౌక వెళుతుంది. అందులో ఖగోళశాస్త్రం చదువుకున్న జెసూట్ ఫాదర్ ఒకరు ఉంటారు, కథ చెప్పేది ఆయనే. ఆ పేలుడులో ఒక నాగరికత మొత్తం బూడిదైంది. మంచివాళ్ళు, అందంగా బతికినవాళ్ళు. తమ గుర్తులు మిగలాలని దూరపు గ్రహంలో అన్నీ దాచిపెట్టి మరీ పోయారు. ఆ వెలుగు భూమికి ఎప్పుడు చేరిందో ఫాదర్ లెక్క కడతాడు. క్రీస్తు పుట్టినప్పుడు బేత్లెహేము మీద వెలిగిన చుక్క అదే. కథ అక్కడ ఆగిపోతుంది. ధార్మిక రచయిత అక్కడ ఆగగలడా? ఇంకో పేరా రాసి ఓదార్చకుండా ఉండగలడా?

మంత్రపక్షం: షుసాకు ఎండో ఆగాడు. ఆయన కేథలిక్ విశ్వాసి. 1966లో ‘సైలెన్స్’ రాశాడు. పదిహేడో శతాబ్దపు జపాన్‌లో క్రైస్తవుల్ని వేటాడుతున్నారు. పోర్చుగల్ నుంచి వచ్చిన ఫాదర్ రోడ్రిగ్జ్ పట్టుబడతాడు. క్రీస్తు బొమ్మ చెక్కిన పలకను కాలితో తొక్కితే చాలు. తొక్కకపోతే పోయేది అతని ప్రాణం కాదు, గోతిలో తలకిందులుగా వేలాడుతున్న రైతుల ప్రాణాలు. ఇప్పుడు చెప్పండి, తొక్కడం ద్రోహమా, ప్రేమా? తన ప్రార్థనకు పైనుంచి ఒక్క మాటైనా రాకపోవడం గురించి నమ్మినవాడే నవల నిండా రాసుకున్నాడు. క్లార్క్ కథ నాకూ ఇష్టమే. కానీ ఆ కథ రాసినందుకు క్లార్క్‌కు పోయిందేమిటి? ఆయనకు ఆ విశ్వాసం లేదు. ఎండో ప్రతి వాక్యం తన సొంత సొమ్ము ఒడ్డి రాశాడు.

యంత్రపక్షం: ఒడ్డాడు, నిజమే. చివరికి ఆ పలకలోంచి క్రీస్తు చేత మాట్లాడించి మొత్తం వెనక్కి తీసుకున్నాడు కూడా.

మంత్రపక్షం: అక్కడ మాట్లాడింది క్రీస్తా, నిద్ర లేని రోడ్రిగ్జ్ మనసా?

యంత్రపక్షం: ఆ అనుమానాన్ని అలా ఉంచడం గొప్పే. సరే, ఒకటి అడుగుతాను. దేవుణ్ణే నియమంగా పెట్టి రాస్తే ఎలా ఉంటుంది? టెడ్ చాంగ్ 2001లో ‘హెల్ ఈజ్ ది ఆబ్సెన్స్ ఆఫ్ గాడ్’ రాశాడు. ఆ లోకంలో దేవదూతలు దిగడం తుపానులు వచ్చినట్టే. ఎవరికి రోగం నయమైంది, ఎవరు చచ్చారు అని లెక్కలు రాసుకుంటారు. అప్పుడప్పుడూ నేల అద్దంలా మారి కింద నరకం కనిపిస్తుంది. ఒకడి భార్య దేవదూత రాకలో పగిలిన కిటికీ అద్దాలు తగిలి చనిపోయి స్వర్గానికి వెళుతుంది. ఆమెను మళ్ళీ చూడాలంటే ఆమెను చంపిన దేవుణ్ణి ఇతను ప్రేమించాలి. చివరికి ప్రేమిస్తాడు, ఏ షరతూ లేకుండా. అయినా నరకానికే పోతాడు. బైబిల్లోని యోబు గ్రంథం ఆఖర్లో దేవుడు, తన పరీక్షకు నిలిచిన యోబుకు, పోయినవాటికి రెట్టింపు తిరిగిస్తాడు. చాంగ్‌కు ఆ ముగింపు మింగుడుపడలేదు. నమ్మకం లేనివాడు రాసిన ఈ కథ, మీ అరలో సగం పుస్తకాలకన్నా గట్టి ధార్మిక కల్పన. కాదంటారా?

మంత్రపక్షం: అనను. నమ్మినవాడే రాయాలని నేనెప్పుడూ అనలేదు. కొడవటిగంటి కుటుంబరావు హేతువాది అయి ఉండి ‘చందమామ’ను దశాబ్దాలు నడిపారు, ఆ పత్రికలో వచ్చిన రామాయణ భారతాలతో రెండు తరాల పిల్లలు పెరిగారు. కానీ ఒక తేడా చెప్పనివ్వండి. చాంగ్ లోకంలో దేవుడున్నాడా లేడా అన్న సందేహమే ఎవరికీ లేదు. సాక్ష్యం కళ్ళముందుంది. విశ్వాసం అన్నమాటకు అక్కడ చోటెక్కడ? సాక్ష్యం లేని చోట మనిషి ఏం చేస్తాడన్నది ఎండో రాయగలిగాడు. మీ పద్ధతిలో అది పట్టుబడదు, ఎందుకంటే మీ పద్ధతి మొదట చేసే పనే సాక్ష్యం సమకూర్చడం.

యంత్రపక్షం: ఇంతసేపట్లో మీరు చెప్పిన బలమైన మాట ఇది. దాన్ని కాదనను. అందుకే నా అసలు అభ్యంతరం ఇప్పుడు బయట పెడతాను. కుజుడి మీద నేను ఏం రాసినా ఎవడూ నొచ్చుకోడు. బేగం రోకేయా 1905లో మద్రాసు నుంచి వచ్చే ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో ‘సుల్తానాస్ డ్రీమ్’ రాసింది. అందులో మగవాళ్ళు ఇంట్లో పరదా చాటున ఉంటారు, ఆడవాళ్ళు ఎండ వేడిని పోగుచేసి శత్రు సైన్యాన్ని తరిమేస్తారు. లేని దేశం, లేని యంత్రం కాబట్టి అంత మాట అనగలిగింది. అదే మాట ఒక పవిత్ర పాత్ర నోట పలికించి ఉంటే? గ్రాహం గ్రీన్ 1940లో ‘ది పవర్ అండ్ ది గ్లోరీ’లో తాగుబోతు ఫాదర్‌ను నాయకుణ్ణి చేస్తే 1950ల్లో వాటికన్ అభ్యంతరం చెప్పింది. గ్రీన్ కూడా కేథలిక్కే! మన దగ్గర త్రిపురనేని రామస్వామి చౌదరి ‘శంబుకవధ’ రాసి ఎన్ని మాటలు పడ్డాడు? 1970ల్లో ‘రామాయణ విషవృక్షం’ రాసిన రంగనాయకమ్మకు వచ్చిన తిట్లు ఏ పుస్తకంలో పడతాయి? మీ కథకు రచయిత కాక వేరే యజమానులున్నారండీ. యజమానులున్న కథను పూర్తి కల్పన అని నేను అనలేను.

మంత్రపక్షం: యజమానులు ఎప్పుడూ ఇంత గట్టిగా కాపలా కాయలేదు. వ్యాసభారతంలో శశిరేఖ పెళ్ళి లేదు. తెలుగువాళ్ళు అభిమన్యుడికి ఆ పెళ్ళి చేసి, ఘటోత్కచుణ్ణి పెళ్ళికూతురి వేషంలో కూర్చోబెట్టి, తరతరాలు నవ్వుకున్నారు. పదహారో శతాబ్దంలో పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో ఏం చేశాడు? బ్రహ్మ సరస్వతికి పొద్దుపోక ఇంకా జరగని కథ ఒకటి చెబుతాడు. ఆ కథ భూమ్మీద జరిగి తీరుతుంది, అందులోని పాత్రలు తమ గురించి ముందే చెప్పిన కథను వింటారు. ఏ పురాణంలోనూ లేని కల్పన అది. కాలంతో అలా ఆడుకోవడం మీవాళ్ళు టైమ్ మెషిన్ కనిపెట్టాక గానీ నేర్చుకోలేదు. అటు ‘శంబుకవధ’ అయినా, శూర్పణఖతో సీతను కూర్చోబెట్టి మాట్లాడించిన ఓల్గా ‘విముక్త’ అయినా నా లెక్కలో మా ప్రక్రియవే. తిట్టడానికైనా ఆ పాత్రలే కావాల్సి వచ్చాయి కదా?

యంత్రపక్షం: ఇల్లు వదిలి వెళ్ళినవాళ్ళ పేర్లు ఇంకా రేషన్ కార్డులో ఉంచుకుంటున్నారు మీరు. ‘విముక్త’కు 2015లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, సంతోషం. కానీ శశిరేఖ పెళ్ళిలా ఇవాళ కొత్తగా ఒక పెళ్ళి కల్పించి సినిమా తీస్తే?

మంత్రపక్షం: తియ్యలేరు. తీసినా ముందు క్షమాపణ పత్రం రాసుకుని తియ్యాలి. జానపదుడు చేసిన సాహసం ఇవాళ నవలాకారుడు చెయ్యలేకపోతున్నాడు. నాకు సిగ్గుగా ఉంది, అది దాచుకోను. అయితే మీ స్వేచ్ఛ గురించీ ఒక మాట. రోజర్ జెలాజ్నీ 1967లో ‘లార్డ్ ఆఫ్ లైట్’ రాశాడు. ఏదో గ్రహం మీద దిగిన నౌక సిబ్బంది బ్రహ్మ, యముడు, కాళి అని పేర్లు పెట్టుకుని, ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి మనసును మార్చే యంత్రాన్ని గుప్పిట్లో పెట్టుకుని, తమ సంతతి మీదే దేవుళ్ళుగా స్వారీ చేస్తారు. మరుసటి ఏడు హ్యూగో అవార్డు వచ్చింది. చదవడానికి మజాగా ఉంటుంది. కానీ ఆయనకు కాళి ఒక వేషం. పక్క ఊరి దేవత మీద జోకు వెయ్యడానికి ఏం ధైర్యం కావాలి?

యంత్రపక్షం: వేషమే అయినా చూడాల్సింది చూశాడు. ఆ దేవుళ్ళు అచ్చుయంత్రం ఎవరైనా కనిపెడితే చాలు, దాన్ని నాశనం చేస్తారు. మళ్ళీ పుట్టడానికి ఎవరు అర్హులో పైవాళ్ళే మనసును తరచి చూసి నిర్ణయిస్తారు. బయటివాడు కాబట్టే పుట్టుక, చదువు ఎవరి గుప్పిట్లో ఉన్నాయో అంత తేటగా చెప్పగలిగాడు. ఇంట్లోవాళ్ళు ఆ తాళాలగుత్తిని ముట్టుకోలేదు.

మంత్రపక్షం: త్రిపురనేని ముట్టుకున్నాడని ఇందాక మీరే అన్నారు. అది పోనివ్వండి. తెలుగులో మీ అర సంగతి చెప్పండి. ‘ఆదిత్య 369’ తరవాత జనం నోట నానే పేరు ఏది?

యంత్రపక్షం: బక్క అరే. 1991లో ఆ టైమ్ మెషిన్ కూడా ముందు శ్రీకృష్ణదేవరాయల కొలువుకు పోయి, ఆ తరవాతే 2504కు వెళ్ళింది. 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’లో అశ్వత్థామ లేకపోతే టికెట్ తెగేదా? క్రీస్తుపూర్వం 3102కు ఆరు వేలు కలుపుకుని భవిష్యత్తును కనుక్కున్నాం. మనకు రేపు అనేది ఎప్పుడూ యుగాంతమే. దానికి కారణం మీ అర మరీ లావుగా ఉండటమేమోనని నా అనుమానం.

మంత్రపక్షం: నా అనుమానం వేరు. మనకు అసలు సిసలు కల్పనలు రెండు అరల మధ్య సందులో ఉన్నాయి. విశ్వనాథ సత్యనారాయణ ‘హాహాహూహూ’ తీసుకోండి. గుర్రం మొహమున్న గంధర్వుడు లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర పడతాడు. శాస్త్రవేత్తలు ఇదేం ప్రాణి అని బుర్ర బద్దలు కొట్టుకుంటారు, మాట్లాడదామంటే సంస్కృతం వచ్చినవాడు కావాలి. గ్రహాంతరవాసి కథ అనండి, గంధర్వుడి కథ అనండి. విశ్వనాథ సనాతని అని తోసిపుచ్చేవాళ్ళు ఈ చిలిపితనాన్ని చూడరు.

ఆ సందులోనే రాయాల్సిన కథ ఇంకొకటుంది, ఎవరూ రాయలేదు. శ్రీహరికోటలో ప్రయోగం ఉందంటే ఇస్రోవాళ్ళు రాకెట్ నమూనా పట్టుకుని తిరుమల వెళతారు. పేపర్లలో ఫోటో వస్తుంది, సగం మంది దణ్ణం పెడతారు, సగం మంది వెక్కిరిస్తారు. ప్రతి వాల్వునూ పరీక్షించిన మనిషి కొండెక్కి ఏం అడుగుతాడు? ఆ మనిషి మీ అరలో మనిషా, మా అరలో మనిషా?

యంత్రపక్షం: అడగడం వరకు అది అలవాటు, ఇంకా కథ కాలేదు. లెక్క ఒక మాట, నమ్మకం ఇంకో మాట చెప్పిన రోజు కథవుతుంది. కౌంట్‌డౌన్ నడుస్తుండగా ఒక అంకె తేడాగా కనిపించింది. ప్రయోగం ఆపేస్తే స్వామి మీద నమ్మకం లేనట్టు, ఆపకపోతే అంకె మీద నమ్మకం లేనట్టు. ఆయన ఆపేస్తాడు, ఆ రాకెట్‌ను కాపాడింది ఆ అంకె. నేనైతే ఇలా రాస్తాను.

మంత్రపక్షం: చూశారా, ఆఖరి పేజీ ముందే ఖాయం చేసుకున్నారు! ఆపమని స్వామే చెప్పాడని ఆయన ఇంటికొచ్చి భార్యతో అంటే అప్పుడేం చేస్తారు? నేను రాస్తే అంకె తేడా రాదు. రాకెట్ సవ్యంగా కక్ష్య చేరుతుంది. అందరూ చప్పట్లు కొడుతుంటే, ఈ గెలుపు ఎవరికి అప్పగించాలో తేలక ఆయన కుర్చీలోంచి లేవలేకపోతాడు.

యంత్రపక్షం: నేను ఇంకోలా మారుస్తాను. ఆ రాత్రి ఆయన దేవుడికి కాదు, ఆ వాల్వు బిగించిన కుర్రాడికి దణ్ణం పెట్టి, మళ్ళీ కొండ ఎక్కలేదు. చదువుతారా?

మంత్రపక్షం: చదువుతాను. కానీ ఆయన నమ్మకం ఓడిపోవాలని ముందే తేల్చుకుని రాస్తే మాత్రం సగంలో మూసేస్తాను.

యంత్రపక్షం: గెలవాలని ముందే తేల్చుకుని రాసినవాటిలో ఇప్పటిదాకా ఎన్నిటిని సగంలో మూసేశారు?